దళసరి కొయ్యకు సన్నరంపం

కొయ్యను చూచి రంపం పట్టుకోవాలేగాని, రంపాన్ని చూచి కొయ్య వెతుక్కోకూడదని మా తాత అంటూండేవాడట. మా వంశంలో రంపం చేతబట్టి బ్రతికిన చివరి మనిషి ఆయన. కర్నూలు వైపునుంచి బెంగుళూరు వచ్చి, తలుపులూ ద్వారబంధాలూ చేసి సంసారం యీదినాడు. మా నాన్న గుమాస్తా అయినాడు. యస్. యస్. యల్. సి. తో చదువు చాలించిన నేను ఆ గుమాస్తాగిరీనే అందిపుచ్చుకున్నాను. ఇన్ని యేండ్ల తర్వాత తాతగారి విద్య, అదీ విద్యుచ్ఛక్తి సాయంతో, మా యింటి వెనుక వరండాలోకి తిరిగి వచ్చింది. మన పత్రికలో తీర్థయాత్రలను గురించీ, వంటకాలను గురించీ, పెండ్లి ముచ్చట్లను గురించీ చాలామంది వ్రాశారు. రంపపు బ్లేడును గురించి యెవరూ వ్రాసినట్టు లేదు. కనుక ఆ భారం నా నెత్తిన వేసుకుంటున్నాను.

ముందుగా యంత్రం సంగతి. స్క్రోల్ సా అని దీని పేరు. కుట్టుమిషనులో సూది ఆడినట్టు, బల్లకు చేసిన చిన్న రంధ్రంలో సన్నని రంపపు బ్లేడు నిలువునా పైకీ కిందికీ ఆడుతుంది. రెండు కొసలూ బిగించి వుంటాయి. బ్లేడు పొడవు 5 అంగుళాలు. మనం రంపాన్ని తోయము. కొయ్యనే రంపం మీదికి మెల్లగా జరుపుతూ, గీసిన గీత వెంట తిప్పుతాము. మైసూరులో బీటె చెక్కమీద రంగురంగుల కర్రలు పొదిగి యేనుగులనూ చెట్లనూ దించే పనివారు చేతి రంపంతో చేసే పనికి యిది యంత్రరూపం అనుకోవచ్చు. ఆ బీటెనే మన పెద్దలు ఇరుగుడు అనేవారు.

ఇటువంటి వస్తువు ఒక గుమాస్తా యింటికి యెందుకు వచ్చిందని మీరు అడగవచ్చు. నా భార్య యిప్పటికీ అడుగుతూనే వున్నది. దానికి కారణం మా అమ్మ పెట్టెలోని రెండు బొమ్మలు.

కన్నడదేశంలో స్థిరపడిన మనవాళ్లకు దసరా కొలువంటే పైమెట్టుమీద రాజూ రాణీ వుండవలసిందే. వీటిని యిక్కడ పట్టద గొంబె అంటారు. పెండ్లిలో పుట్టింటివారు కూతురికి యిచ్చే జత యిది. పాతకాలపువి రక్తచందనంతో చేసినవి. ఆ చెట్టు మన సీమ చెట్టే. శేషాచలం కొండల్లో పెరిగేది. ఇప్పుడు దాన్ని నరకడమూ అమ్మడమూ గట్టి కట్టుబాట్లలో వున్నవి గనుక, అటువంటి జత కొత్తగా చేయించడం నాబోటివాడికి అయ్యేపని కాదు.

మా అమ్మకు వున్నది ఒక్క జత. మనమరాండ్రు యిద్దరు: నా కూతురు, మా చెల్లెలి కూతురు. నాన్న పోయిన తర్వాత యిల్లు నా పేరికి మార్చేటప్పుడు మా చెల్లెలు విడుదల పత్రంమీద మారుమాట లేకుండా సంతకం పెట్టింది. ఏమీ కోరలేదు. ‘దాని కూతురి పెండ్లికి బొమ్మలన్నా యియ్యాల’ అని అమ్మ ఆనాడే మనసులో అనుకున్నదట. ఇటు నా కూతురో, మాటలు రాని వయసునుంచీ యేటేటా ఆ రాణికి చీర కట్టింది. ‘ఇవి నీవేలేవే’ అని అమ్మే దానితో నూరుసార్లు అన్నది. మాఘంలో మేనకోడలి పెండ్లి అని లగ్నం స్థిరపడిన యేడు, కాళ్ల నొప్పులని చెప్పి అమ్మ బొమ్మల పెట్టె దించలేదు. మా చెల్లెలు కొలువుకు వచ్చి, పైమెట్టు ఖాళీగా వుండడం చూచి, ఏమీ అనకుండా పసుపు కుంకుమ తీసుకొని వెళ్లింది. ఆ యేమీ అనకపోవడమే నాకు నిద్ర పట్టనీయలేదు. పెండ్లిలో అమ్మ మనమరాలికి వెండి కుంకుమభరిణె యిచ్చింది. బొమ్మల ప్రస్తావన యెవరూ తేలేదు.

ఇంకొక జత వుంటే యీ చిక్కు లేదు గదా అని తోచింది. చేతితో చెక్కడం నాకు రాదు. అయితే చెక్కనక్కరలేకుండా నిండు బొమ్మను కోసి తీసే పద్ధతి ఒకటి వున్నదని తెలిసింది. దానిని కాంపౌండు కటింగ్ అంటారు. నేను రెండు ముఖాల కోత అని పిలుచుకుంటాను.

పద్ధతి యిది. అంగుళంన్నర చదరపు కొయ్యదిమ్మె తీసుకొని, నాలుగు వైపులా మూలమట్టానికి సరిపోయేట్టు చిత్రిక పట్టాలి. ఒక కాగితంమీద పక్కపక్కనే రెండు బొమ్మలు గీయాలి: ఒకటి రాజు ఎదుటినుంచి కనిపించే తీరు, రెండవది పక్కనుంచి కనిపించే తీరు. ఆ కాగితాన్ని నడుమ మడిచి, దిమ్మె అంచు మీదుగా రెండు ముఖాలకూ అంటించాలి. మొదట ఒక ముఖం గీత వెంట కోయాలి. ఊడివచ్చిన ముక్కలను పారవేయక, యథాస్థానంలో పెట్టి, దిమ్మె చుట్టూ పారదర్శకమైన టేపు బిగించి చుట్టాలి. తర్వాత దిమ్మెను పావుచుట్టు తిప్పి రెండవ ముఖం కోయాలి. టేపు విప్పితే బసవనగుడి కడలెకాయి పరిషెలో కొన్న వేరుసెనగకాయను వొలిచినట్టు, పైపెచ్చులు రాలి లోపలినుంచి రాజు బయటికి వస్తాడు. ముఖకవళికలు రావు, ఆకారం మాత్రమే వస్తుంది. పట్టు కట్టి, కిరీటం అతికించే బొమ్మకు ఆకారం చాలు.

వినడానికి యింత సులువైన యీ పనిలో కష్టమంతా బ్లేడుదే. పావు అంగుళం పలకలో తీగలూ లతలూ కోయడానికి చేసిన వస్తువును అంగుళంన్నర దిమ్మెలోకి పంపుతున్నాము. అక్కడ యేమి జరుగుతుందో చూడండి. ఈ యంత్రాలలో బ్లేడు ఆట మామూలుగా ముప్పాతిక అంగుళం మాత్రమే. పలుచని పలకలో ప్రతి పన్నూ కొయ్యలోనుంచి బయటపడి, తాను కొరికిన పొట్టును రాల్చి, మళ్లీ లోపలికి పోతుంది. దళసరి దిమ్మెలో అలా కాదు. నడిమధ్యన వున్న పన్ను ముప్పాతిక అంగుళం దిగుతుంది, ముప్పాతిక అంగుళం యెక్కుతుంది, బయటి గాలిని చూడనే చూడదు. అది కొరికిన పొట్టు దాని సందులోనే వుండి, కొంచెం కొంచెంగా కింది పన్నుకు అందుతూ బయటికి రావాలి. సందు చిన్నదైతే పొట్టు కిక్కిరిసిపోతుంది. పొట్టుతో నిండిన పన్ను కోయదు, రాపాడుతుంది. రాపిడితో వేడి పుట్టి, కొయ్య మాడి నల్లబడుతుంది. కమురు వాసన వచ్చిందంటే బ్లేడు యీ సంగతే చెబుతున్నదన్నమాట.

కాబట్టి దళసరి కొయ్యకు యెక్కువ పళ్లు కాదు, యెక్కువ ఖాళీ కావాలి. వినగానే యిది తలకిందుల మాటలా వుంటుంది. పళ్లు యెక్కువైతే తొందరగా తెగుతుందనుకోవడం సహజం. మా ఆఫీసులో కిటికీ ఒకటే వుండి, దాని ముందు గుమాస్తాలు పదిమంది కూర్చుంటే పని యెంత త్వరగా సాగుతుందో, యిదీ అంతే.

ఎస్. జె. పి. రోడ్డులో బ్లేడ్లు అడిగితే, అంగడివాడు ‘ఎల్లా ఒందే సార్’ అని ఒక పొట్లం చేతబెట్టాడు. అన్నీ ఒకటే కావు సుమండీ. బ్లేడ్లకు నంబర్లుంటాయి. 2/0 మొదలుకొని 1, 3, 5, 7, 9, 12 దాకా పోను పోను బ్లేడు వెడల్పూ మందమూ పెరుగుతాయి, అంగుళానికి పళ్లు తగ్గుతాయి. 2/0 కి పళ్లు పాతికకు పైగా వుంటాయి. 5వ నంబరుకు సుమారు పన్నెండు. దాని వెడల్పు యించుమించు ఒక మిల్లీమీటరు, మందం 0.4 మిల్లీమీటరు. తయారీదారును బట్టి కొంచెం అటూ యిటూ అవుతుంది. మరొక సంగతి: కొన్ని బ్లేడ్ల కొసలకు అడ్డంగా చిన్న పిన్నులుంటాయి, కొన్నింటి కొసలు ఉత్తవి. పిన్నువాటిని తగిలించడం సులువే కాని, వాటిలో రకాలు తక్కువ. ఉత్త కొసలను మరలతో బిగించే యంత్రం తీసుకొన్నవారికి యే నంబరైనా, యే పంటిరకమైనా దొరుకుతుంది. యంత్రం కొనకముందే యిది చూచుకోవాలి.

గుమాస్తాకు గుమాస్తా బుద్ధే గదా! నేను ఒక రిజిష్టరు తెరిచాను. తేదీ, కొయ్య, మందం, బ్లేడు నంబరు, పంటి రకం, కొయ్య మాడినదా లేదా, నిలువు తప్పినదా లేదా అని గడులు గీసి, మిగులు ముక్కలమీద ఒక్కొక్క బ్లేడునూ పరీక్షించి వ్రాసుకున్నాను. ఆరు ఆదివారాలు పట్టింది. ఆ రిజిష్టరులో తేలినది మీ ముందు పెడుతున్నాను.

3వ నంబరు మెడవద్ద చక్కగా తిరుగుతుంది. కాని దళసరి దిమ్మెలో దానికి నడుము నిలవదు. కొంచెం గట్టిగా తోస్తే మధ్యలో విల్లులా వంగుతుంది. అప్పుడు పైన గీత మీదే వున్నా, లోపల కోత పక్కకు పోతుంది. 9వ నంబరు వంగదు, త్వరగా తెగుతుంది. కాని రాణి మెడవంటి యిరుకు మలుపులో తిరగదు. అంగుళంన్నర మెత్తని కొయ్యకు 5, రెండు అంగుళాలకుగాని గట్టి కొయ్యకుగాని 7, యివి నాకు కుదిరినవి. 9నూ 12నూ మలుపులు లేని మోటుపనికి వుంచుకున్నాను.

ఇక పంటి రకాలు. పళ్లన్నీ వరుసగా వుండేది మామూలు రకం. పలుచని చెక్కకు మంచిది. ఒక పన్ను విడిచి ఒక పన్ను వుండేది స్కిప్ రకం. రెండు పళ్లు పక్కపక్కన, తర్వాత ఖాళీ, అలా పోయేది డబుల్ స్కిప్. ఈ రెండింటికీ పొట్టు పట్టే చోటు యెక్కువ గనుక దళసరి కొయ్యకు యివే తగినవి. అడుగున కొన్ని పళ్లు పైకి చూచేట్టు వుండేది రివర్స్ రకం. పలక అడుగు భాగం చిట్లకుండా నున్నగా కోయడంలో దానికి సాటి లేదు. కాని దిమ్మెలో ఆ పైకి చూచే పళ్లు, బయటికి పోవలసిన పొట్టును తిరిగి లోపలికి లాగుతాయి. మన బొమ్మకు అడుగు చిట్లినా గరుకు కాగితంతో రెండు నిమిషాల పని; కనుక నేను రివర్సును పలకలకే వాడుతున్నాను. రెండింటికీ అదే వాడేవారూ వున్నారు. వారితో నాకు తగవు లేదు. చుట్టూ పళ్లుండి మెలితిరిగిన తీగలాంటి స్పైరల్ రకం యెటైనా కోస్తుంది. ఎటైనా పోగల బంటు యెటో పోయినట్టే, అది గీతమీద నిలవదు, కోత వెడల్పుగా గరుకుగా వస్తుంది. రెండు ముఖాల కోతకు అది పనికిరాదు.

ఇంకొక మర్మం వున్నది. మామూలు బ్లేడు పళ్లను తయారీలో ఒక వైపునుంచి తీస్తారు గనుక, రెండవ వైపు కంటికి కనిపించని గరుకు అంచు మిగులుతుంది. అందువల్ల బ్లేడు ఆ వైపుకు లాగుతుంది. కొయ్యను నేరుగా తోస్తే గీత తప్పుతుంది. కొంచెం ఏటవాలుగా తోయడం చేతికి అలవాటు కావాలి. సానపట్టిన పళ్ల బ్లేడ్లలో యీ లాగుడు తక్కువ. ఖరీదు మాత్రం యెక్కువ. రాణికోసం నేను వాటినే తెప్పించాను. రాజుకు మామూలువి. ఈ పక్షపాతం యెందుకంటే రాణి నడుము సన్నం, రాజుకు అంగరఖా వున్నది.

బ్లేడు యెంత మంచిదైనా నిలువు తప్పితే అంతా వ్యర్థం. బల్లకూ బ్లేడుకూ ఒక్క డిగ్రీ తేడా వుంటే, 6 మిల్లీమీటర్ల పలకలో వచ్చే వంకర మిల్లీమీటరులో పదవవంతు, యెవరికీ కనిపించదు. అదే 38 మిల్లీమీటర్ల దిమ్మెలో సుమారు మూడింట రెండు వంతుల మిల్లీమీటరు. రాజుగారికి ఒక చెవి పెద్దది, ఒక చెవి చిన్నది అవుతుంది. దీనికి చవక పరీక్ష ఒకటి వున్నది. దళసరి ముక్క అంచులో కొద్దిగా కోయండి. దాన్ని అర్ధచుట్టు తిప్పి బ్లేడు వెనుకనుంచి ఆ గాటులోకి జొనపండి. తగులుకోకుండా దూరితే బ్లేడు నిలువుగా వున్నట్టు. బిగి చూడడానికి వేలితో మీటండి. వీణతంతివలె ఖంగుమని పలకాలి. పక్కకు నొక్కితే మూడు మిల్లీమీటర్లకు మించి వంగకూడదు.

తోయడంలో తొందర పనికిరాదు. బలం పెట్టినకొద్దీ బ్లేడు కడుపు వెనక్కు పోతుంది, బొమ్మ నడుమ పీపాలా వుబ్బుతుంది. బ్లేడు మొద్దుబారిన సంగతిని మన చేతి బలమే చెబుతుంది. నిన్నటికంటె నేడు యెక్కువ తోస్తున్నామంటే బ్లేడు మార్చవలసినదే. నేను ఒక్కొక్క ముఖానికి ఒక కొత్త బ్లేడు వాడాను. ఒక బొమ్మకు రెండు, జతకు నాలుగు. ఆ టేపు కూడ ముక్కలను పట్టివుంచడానికి మాత్రమే కాదు. దానిమీదుగా కోసినప్పుడు కొయ్య మాడడం తక్కువగా వుంటుందని చాలామంది అనుభవం, నాదీ అదే.

కొయ్య విషయంలో, చెన్నపట్న బొమ్మలకు వాడే హాలె మర, మన ఏటికొప్పాకవారు వాడే అంకుడు కర్ర ఒకటే చెట్టువి. తెల్లగా, మెత్తగా, సన్నని పోగుతో వుంటుంది. ఈ కోతకు దానికి మించినది నాకు కనిపించలేదు. టేకు అందమైనదే కాని, దానిలో ఇసుకవంటి పదార్థం వుండడంచేత బ్లేడు త్వరగా మొద్దుబారుతుంది. బీటె గట్టిది, తేలికగా మాడుతుంది. దాని పొడి కొందరికి వొంటికి పడదు. యే కొయ్యకైనా ముక్కుకు మాస్కు కట్టుకొనే కూర్చోవాలి.

మరుసటి దసరాకు నెల ముందే జత పూర్తి అయింది. అమ్మ యేమీ అడగలేదు. పెట్టె దింపమన్నది. పాత జతనూ కొత్త జతనూ పక్కపక్కన పెట్టుకొని, తన పెండ్లిచీర చినిగిన కొంగునుంచి నాలుగు ముక్కలు తీసి, నలుగురికీ తానే కట్టింది. రంగువేసి, బట్ట కట్టిన తర్వాత యే జత యేదో కంటికి తెలియలేదు. చేతబట్టి బరువు చూస్తేనే తెలుస్తుంది. రక్తచందనం బరువు రక్తచందనానిదే.

కొలువు ముందురోజు రాత్రి నా కూతురు వాళ్ల అవ్వ పక్కన చేరి, ‘పాతవి అక్కకే యియ్యవ్వా, నేను యిన్నేండ్లు ఆడుకొన్నాను గదా’ అన్నదట. ఇది నాకు తర్వాత తెలిసింది.

మా చెల్లెలు వచ్చింది. పైమెట్టుమీద రెండు జతలు చూచి నిలబడిపోయింది. ఒక రాణిని చేతిలోకి తీసుకున్నది, బరువు చూచింది, చీర అంచు ఎత్తి అడుగు భాగం తిప్పి చూచింది. గరుకు కాగితానికి అందని మూలన రంపపు పళ్ల గీతలు సన్నగా వుండిపోయినవి. వాటిమీద వేలు పెట్టి రాచింది.

‘ఇది నువ్వు కోసినదా అన్నా?’

‘ఔనమ్మా. అమ్మ నీకు పాతవి యియ్యాలని...’

‘పాతవి అమ్మ దగ్గరే వుండనీ. తాత పని నేను చూడలేదు. ఇది నాకియ్యి, దాని యింటికి పంపుతాను.’

అమ్మ మాట్లాడలేదు. లేచి, కాళ్ల నొప్పుల సంగతి మరచి, తానే వంటింట్లోకి పోయి అందరికీ కాఫీ కలిపి తెచ్చింది. నా భార్య అమ్మ చేతినుంచి గ్లాసులందుకొని మొదటిది మా చెల్లెలికి యిచ్చింది. ఆ యిల్లు విడుదల పత్రం తర్వాత వారిద్దరూ అంతసేపు కూర్చొని మాట్లాడుకోవడం నేను చూడలేదు.

పాత జత అమ్మ వున్నంతకాలం మా కొలువులోనే వుంటుంది. నా కూతురు మాత్రం, ‘మరి నాకు?’ అని అడుగుతున్నది. దానికీ కొత్త జతే కావాలట. అంకుడు దిమ్మెలు రెండు చిత్రిక పట్టి వుంచాను. 5వ నంబరు స్కిప్ బ్లేడ్లు డజనులో నాలుగు మిగిలినవి, సరిగా జతకు సరిపడా. వచ్చే ఆదివారం మొదటి ముఖం కోస్తాను.